కాలి గాయం తర్వాత ఈత, పరుగు మళ్లీ మొదలుపెట్టడం ఎలా

ఈత, పరుగు రెండింటినీ కలిపి సాధన చేసేవారికి కాలికి గాయమైతే పరుగు వెంటనే ఆగిపోతుంది, ఈత మాత్రం చాలావరకు కొనసాగుతుంది. పరుగు ఒక్కటే అలవాటైనవారికి లేని వెసులుబాటు ఇది. అయితే ఈ వెసులుబాటులోనే ఒక ప్రమాదం ఉంది. వారాల తరబడి కొలనులో శ్రమించినందువల్ల గుండె, ఊపిరితిత్తులు తమ సత్తువను పెద్దగా కోల్పోవు. అదే కాలంలో కాలి ఎముకలు, టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీలు) పరుగు భారానికి దూరమై బలహీనపడతాయి. తిరిగి పరుగెత్తిన మొదటి రోజున ఆయాసం రాదు కనుక పాత దూరాలన్నీ అందుబాటులోనే ఉన్నట్టు తోస్తుంది, కాలు మాత్రం వాటికి సిద్ధంగా ఉండదు. చాలామందికి గాయం తిరగబెట్టేది ఈ దశలోనే. అందుచేత కింద చెప్పే సూచనలన్నిటికీ ఆధారం ఒక్కటే: ఈరోజు ఎంత పరుగెత్తాలన్నది ఊపిరిని అడిగి కాకుండా కాలిని అడిగి తేల్చుకోవాలి.

శరీరంలోని భాగాలన్నీ ఒకే వేగంతో సత్తువను పోగొట్టుకోవు, ఒకే వేగంతో తిరిగి పొందవు. 1984లో వ్యాయామ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కోయిల్ బృందం బాగా సాధన చేసిన క్రీడాకారుల చేత సాధన మాన్పించి పరిశీలించినప్పుడు, వారి గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం (తీవ్ర శ్రమలో శరీరం వాడుకోగల అత్యధిక ఆక్సిజన్) మొదటి మూడు వారాల్లో సుమారు 7 శాతం, పన్నెండు వారాలకు సుమారు 16 శాతం తగ్గింది. పూర్తిగా సాధన మానినప్పటి లెక్క అది. ఈత కొనసాగించేవారికి నష్టం అంతకన్నా తక్కువే ఉంటుందని ఆశించవచ్చు. ఎముక సంగతి వేరు. పరుగులో ప్రతి అడుగుకూ శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలం నేల నుంచి కాలి మీద పడుతుంది, మడమ వెనుక ఉండే అకిలిస్ టెండన్ మీద పడే లాగుడు అంతకన్నా చాలా ఎక్కువ. నీటిలో తేలుతూ చేసే వ్యాయామంలో ఈ తాకిడి ఉండదు కనుక ఎంత ఈదినా ఎముక పరుగుకు సిద్ధం కాదు. పైగా కొత్త భారం పడినప్పుడు ఎముక ముందుగా పాత కణజాలాన్ని తొలగించి, ఆ తర్వాతే కొత్తదాన్ని నింపుకుంటుంది. ఈ చక్రం పూర్తికావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. తొలగింపు ముందు జరుగుతుంది కాబట్టి పరుగు మొదలైన మూడు నాలుగు వారాలకు ఎముక తాత్కాలికంగా మరింత బలహీనంగా ఉండే అవకాశం ఉంది. ఉత్సాహం బాగా పెరిగేది కూడా సరిగ్గా అప్పుడే.

ముందుగా గాయం ఏమిటో తేల్చుకోవాలి

ఎముకకు, టెండన్‌కు వర్తించే నియమాలు ఒకటి కావు కనుక వైద్యుని నిర్ధారణ లేకుండా ఏ ప్రణాళికా మొదలుపెట్టకూడదు. టెండన్ నొప్పి సాధారణంగా ఉదయం లేవగానే బిగుసుకున్నట్టు ఉండి, కొంత కదిలాక సడలుతుంది. ఎముక ఒత్తిడి గాయంలో, అంటే పదేపదే పడిన భారంతో ఎముక లోపల కలిగిన దెబ్బలో, నొప్పి ఒక వేలితో చూపించగలిగినంత చిన్న చోట ఉంటుంది, పరుగెత్తే కొద్దీ పెరుగుతుంది, ముదిరితే విశ్రాంతిలోనూ రాత్రిపూట కూడా బాధిస్తుంది. తొలి వారాల్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవడం మామూలే కాబట్టి ఎక్స్‌రే బాగుందన్న ఒక్క కారణంతో ధైర్యం తెచ్చుకోవద్దు. అనుమానం తీరకపోతే ఎమ్మారై గురించి వైద్యుని అడగండి. గజ్జల్లో లేదా తుంటి లోపల నొప్పి, పాదం పైభాగం మధ్యలో నొప్పి, ముంగాలి ఎముక ముందువైపు నొప్పి, చిటికెన వేలి వైపు పాదపు అంచులో నొప్పి ఉన్నప్పుడు మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఈ చోట్ల ఎముక నెమ్మదిగా అతుకుతుంది, ఒక్కోసారి పూర్తిగా విరుగుతుంది. గాయం తర్వాత కాలిని కదపకుండా ఉంచిన రోజుల్లో పిక్క వాచి, వేడిగా ఉండి నొప్పి పుడితే అది రక్తపు గడ్డ కావచ్చు. దానికి ఆ రోజే వైద్యుని చూడాలి.

నొప్పిని అంచనా వేసే కొలమానం కూడా గాయాన్ని బట్టి మారుతుంది. అకిలిస్ టెండన్ గాయమైనవారి మీద సిల్బర్నాగెల్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధనలో, సున్నా నుంచి పది వరకు ఉండే కొలమానంలో ఐదు దాకా నొప్పిని అనుమతించారు; మరుసటి ఉదయానికి అది తగ్గిపోవాలన్న షరతు పెట్టారు. అలా పరుగు, గెంతులు కొనసాగించినవారు వాటిని కొన్నాళ్లు మానినవారితో సమానంగానే కోలుకున్నారు. పక్కన ఫిజియోథెరపిస్ట్ లేకుండా సొంతంగా సాధన చేసేవారు ఐదు దాకా పోకుండా మూడు దగ్గర ఆగడం మంచిదని నా అభిప్రాయం. ఎముక గాయానికి మాత్రం అనుమతించదగిన నొప్పి అంటూ ఏదీ లేదు. అక్కడ హద్దు సున్నాయే. రెండు సందర్భాల్లోనూ సాధనకు ముందు నొప్పి మాత్ర వేసుకోవడం పూర్తిగా మానుకోవాలి, ఎందుకంటే ఏ సంకేతం మీద ఈ క్రమమంతా నడుస్తుందో ఆ సంకేతాన్నే ఆ మాత్ర కప్పేస్తుంది.

కొలనులో ఏం చేయాలి, ఏం చేయకూడదు

చర్మం మీద పుండు ఉంటే అది పూర్తిగా మానిన తర్వాత, నీటిలోకి దిగవచ్చని వైద్యుడు చెప్పిన తర్వాత ఈత మొదలుపెట్టవచ్చు. తొడల మధ్య పుల్ బాయ్ (కాళ్లను తేల్చి ఉంచే నురగ దిమ్మ) పెట్టుకుని ఫ్రీస్టైల్ ఈదితే తొడలు తేలి ఉంటాయి, కాళ్లకు పని దాదాపు ఉండదు. చాలామంది పట్టించుకోని విషయం గోడ దగ్గర ఉంది. ప్రతి మలుపులోనూ గోడను బలంగా తన్నినప్పుడు పిక్క, అకిలిస్, పాదం ముందుభాగం ఒక్కసారిగా భారం మోస్తాయి, చిన్న కొలనులో గంటసేపు ఈదితే అలాంటి తన్నులు పదుల సంఖ్యలో ఉంటాయి. మొదటి వారాల్లో గోడను చేత్తో పట్టుకుని తిరిగి, తన్నకుండానే చేతులతో ఈత అందుకోవాలి, లేదా బాగున్న కాలితో మాత్రమే తన్నాలి. పాదాలకు తొడిగే ఫిన్స్ (రబ్బరు రెక్కలు) చీలమండను పొడవుగా సాగదీసి లాగుతాయి కనుక అకిలిస్ గాయానికి అవి పనికిరావు. మోకాలి లోపలివైపు లిగమెంట్ (ఎముకను ఎముకతో కలిపే పట్టీ) దెబ్బతిన్నవారు బ్రెస్ట్‌స్ట్రోక్ తన్నును చివరిదాకా దూరంగా ఉంచాలి. కొలను నుంచి బయటికి వచ్చేటప్పుడు గట్టు మీదికి ఎగిరి ఎక్కకుండా మెట్లనే వాడాలి, తడి నేల మీద కుంటుతూ తొందరపడకూడదు.

పరుగు లేని లోటును ఈతతో పూర్తిగా భర్తీ చేయాలన్న ఆత్రం భుజాన్ని దెబ్బతీస్తుంది. వారానికి రెండుసార్లు ఈదేవారు ఉన్నట్టుండి ఆరుసార్లు ఈదితే, అందులోనూ కాళ్ల సాయం లేకుండా పుల్ బాయ్‌తో, చేతులకు ప్యాడిల్స్ (నీటిని ఎక్కువగా నెట్టే పలకలు) తగిలించుకుని ఈదితే, భుజపు టెండన్ల మీద పడే అదనపు భారం చిన్నది కాదు. కనుక మొదట్లో వారానికి ఒక్క ఈతను మాత్రమే అదనంగా కలపండి, ప్యాడిల్స్‌ను మొదటి నెలలో వాడకండి, చేయి తల మీదికి ఎత్తేటప్పుడు భుజం ముందువైపు గుచ్చినట్టు ఉంటే ఆ రోజుకు ఆపేయండి.

దూరం పెంచడం కన్నా తీవ్రతను సరిగ్గా వాడుకోవడం మేలు. అందుకు మీ వేగపు హద్దు, అంటే ఎక్కువసేపు నిలబెట్టుకోగల వేగం, తెలియాలి. పుల్ బాయ్‌తోనే 400 మీటర్లు, తగినంత విశ్రాంతి తర్వాత 200 మీటర్లు శక్తిమేరకు ఈది, రెండు సమయాల తేడాను సగం చేస్తే 100 మీటర్లకు పట్టే హద్దు సమయం వస్తుంది. ఉదాహరణకు 400 మీటర్లకు 9 నిమిషాల 20 సెకన్లు, 200 మీటర్లకు 4 నిమిషాల 30 సెకన్లు పడితే తేడా 4 నిమిషాల 50 సెకన్లు, అందులో సగం 2 నిమిషాల 25 సెకన్లు. ఆ వేగంతో 100 మీటర్లను పదిసార్లు, మధ్యలో 15 నుంచి 20 సెకన్ల విరామంతో ఈదడం మంచి సాధన. వారంలో ఇలాంటివి రెండు చాలు, తక్కినవి తేలికగా ఉండాలి.

లోతైన నీటిలో నడుముకు ఫ్లోటేషన్ బెల్టు (నీటిలో తేల్చి ఉంచే పట్టీ) కట్టుకుని పరుగెత్తడం ఈతకు మంచి తోడు. శరీరం నిటారుగా ఉండాలి, పాదం అడుగును తాకకూడదు, మోకాలు ముందుకు లేచి కాలు తిరిగి శరీరం కిందికి రావాలి. ముందుకు వంగి సైకిల్ తొక్కినట్టు చేస్తే అది పరుగు కదలిక కాదు. అదే శ్రమకు నీటిలో గుండె వేగం నేల మీది కన్నా నిమిషానికి సుమారు పది తక్కువగా ఉంటుంది కాబట్టి గడియారం చూపే గుండె వేగాన్ని వదిలి శ్రమను బట్టి తీవ్రతను నిర్ణయించుకోండి. నడుము లోతు నీటిలో నిలబడితే కాళ్లు సుమారు సగం బరువును, ఛాతీ లోతులో సుమారు మూడో వంతును మాత్రమే మోస్తాయి. భారాన్ని కొద్దికొద్దిగా తిరిగి అలవాటు చేయడానికి ఛాతీ లోతులో నడిచి, ఆ తర్వాత నడుము లోతుకు రావడం మంచి మార్గం.

పరుగుకు ముందు కాలి పరీక్ష

నేల మీద 30 నుంచి 45 నిమిషాలు చురుగ్గా నడిచినా అప్పుడూ మరుసటి ఉదయమూ నొప్పి రాకూడదు. ఒంటికాలి మీద నిలబడి మడమను నెమ్మదిగా పైకి లేపి దించడం కనీసం 20 సార్లు చేయగలగాలి, ఆ సంఖ్య బాగున్న కాలితో దాదాపు సమానంగా ఉండాలి. ఆ తర్వాత అదే కాలి మీద పది చిన్న గెంతులు. ఈ మూడింట్లో ఏది తప్పినా పరుగును ఒక వారం వాయిదా వేయాలి. ఎముక గాయమైతే గెంతులను వైద్యుని అనుమతి తర్వాతే ప్రయత్నించాలి.

మడమ ఎత్తే వ్యాయామం పరీక్షగా మాత్రమే కాక మందుగా కూడా పనిచేస్తుంది. 1998లో ఆల్ఫ్రెడ్సన్ బృందం అకిలిస్ గాయానికి సూచించిన పద్ధతిలో మెట్టు అంచున నిలబడి మడమను నెమ్మదిగా దించడం 15 సార్ల చొప్పున మూడు విడతలు, మోకాలు నిటారుగా ఒకసారి, వంచి ఒకసారి, రోజుకు రెండుపూటలా 12 వారాలు చేయాలి. టెండన్ మడమ ఎముకకు అతుక్కునే చోటే నొప్పి ఉన్నవారు మెట్టు కిందికి మడమను దించకుండా సమతల నేల మీదే చేయాలి. మోకాలు వంచి చేసేది పిక్క లోతున ఉండే సోలియస్ కండరానికి పని పెడుతుంది, పరుగులో ఎక్కువ భారం మోసే కండరాల్లో అది ఒకటి. పరుగు మొదలయ్యాక కూడా వారానికి రెండుసార్లు, క్రమంగా చేతుల్లో బరువు పెంచుకుంటూ, దీన్ని కొనసాగించాలి.

నడక నుంచి పరుగుకు

చదునైన నేల మీద ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఎనిమిది సార్లు: ఇది మొదటి మెట్టు. తర్వాత రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక ఆరుసార్లు. అటుపై మూడుకు ఒకటి ఆరుసార్లు. ఐదుకు ఒకటి ఐదుసార్లు. పదికి ఒకటి మూడుసార్లు. చివరికి ఆగకుండా 30 నిమిషాలు. రోజు విడిచి రోజు మాత్రమే పరుగెత్తాలి. టెండన్ గాయమైతే ఒక్కో మెట్టును కనీసం రెండుసార్లు, ఎముక గాయమైతే మూడుసార్లు పూర్తిచేసి, ప్రతిసారీ మరుసటి ఉదయం కాలిని పరీక్షించుకున్న తర్వాతే పై మెట్టుకు వెళ్లాలి. ఆ పరీక్షకు మంచం దిగిన మొదటి అడుగులు, మెట్లు దిగడం, ఐదు మడమ ఎత్తులు సరిపోతాయి. ఫలితాన్ని ఒక్క ముక్కలో రాసి పెట్టుకోండి. ఈదేవారికి ఈ మెట్లు అవమానకరంగా తేలికనిపిస్తాయి. అలా అనిపించడం ఊపిరి చెప్పే మాట, కాలు చెప్పే మాటను మరుసటి ఉదయం వినాలి.

నిమిషానికి వేసే అడుగుల సంఖ్యను 5 నుంచి 10 శాతం పెంచి, అంగను ఆ మేరకు కుదిస్తే మోకాలి మీద, తుంటి మీద పడే భారం తగ్గుతుందని 2011లో హైడర్‌షైట్ బృందం చూపించింది. మోకాలి గాయం నుంచి వస్తున్నవారికి ఇది చాలా ఉపయోగపడుతుంది. అకిలిస్ గాయమైనవారు మాత్రం పాదం ముందుభాగం మీద దిగే అలవాటును దీనితోపాటు కొత్తగా చేసుకోకూడదు, అది పిక్క భారాన్ని పెంచుతుంది.

30 నిమిషాల పరుగు కుదిరాక మొదట వారానికి చేసే పరుగుల సంఖ్యను, తర్వాత దూరాన్ని, చివరన వేగాన్ని, ఎత్తుపల్లాలను పెంచాలి. ఒకే వారంలో రెండింటిని కదపకూడదు. వారానికి పది శాతం చొప్పున పెంచితే గాయం రాదన్న మాట బాగా ప్రచారంలో ఉంది. కొత్తగా పరుగు నేర్చుకునేవారి మీద బుయిస్ట్ బృందం 2008లో ప్రచురించిన ప్రయోగంలో, ఆ నియమం పాటించినవారికీ మరింత వేగంగా పెంచినవారికీ గాయాల్లో తేడా కనిపించలేదు. కాబట్టి వారం మొత్తం లెక్క కన్నా ఒక్కో పరుగు మీద కన్నేయడం మేలని నేను నమ్ముతాను: గత 30 రోజుల్లోని మీ అతి పొడవైన పరుగు కన్నా ఈరోజుది పది శాతానికి మించి పెరగకూడదు. టెండన్ నొప్పి హద్దు దాటితే రెండు రోజులు ఆగి, ఒక మెట్టు కిందికి దిగి మళ్లీ ఎక్కాలి. ఎముక దగ్గర పాత చోటే నొప్పి వస్తే మాత్రం అక్కడికక్కడే ఆపి, నడిచి వెనక్కి వచ్చి, వైద్యుని కలవాలి.

పరుగు, ఈత ఒకే రోజున ఉంటే ఈ దశలో పరుగు ముందు ఉండాలి, ఎందుకంటే అలసిన కాళ్లు నేలను సరిగ్గా తాకవు. కఠినమైన ఈతను పరుగు లేని రోజుకు పెట్టుకోవాలి. పరుగు తగ్గింది కదా అని తిండి తగ్గించడం ఈ కాలంలో చేయదగిన పని కాదు. కణజాలం అతకడానికీ, పెరిగిన ఈతకూ శక్తి కావాలి. శరీరానికి చాలినంత శక్తి అందక హార్మోన్లు, ఎముకలు దెబ్బతినే స్థితిని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అనే పేరుతో గుర్తించింది. మళ్లీ మళ్లీ ఎముక గాయాలు కావడం, స్త్రీలలో నెలసరి క్రమం తప్పడం లేదా ఆగిపోవడం దాని సంకేతాలు. అలాంటప్పుడు సాధన ప్రణాళికను మార్చడంతో సరిపెట్టకుండా వైద్య పరీక్ష చేయించుకోవాలి.

ఈత వెంటనే పరుగు ఉండే పోటీకి పేరు ఇచ్చే ముందు, పోటీలోని పరుగు దూరాన్ని శిక్షణలో కనీసం రెండుసార్లు, ఒకసారి ఈత తర్వాత, మరుసటి ఉదయం ఏ ఫిర్యాదూ లేకుండా పూర్తిచేసి ఉండాలి. నీటి నుంచి బయటికి వచ్చి బూట్లు ఉన్న చోటికి చేరే దారిని ముందురోజే చూసుకోండి. గంటసేపు బరువు మోయని కాళ్లు ఒక్కసారిగా గట్టి నేల మీద ఉత్త పాదాలతో పరుగెత్తేది అక్కడే, పిక్కకూ పాదపు ఎముకలకూ అది పెద్ద దెబ్బ. మొదటి పోటీలో ఆ దారిని నడిచి దాటండి, బూట్ల లేసులు సరిగ్గా బిగించుకోండి, మొదటి కిలోమీటరును శిక్షణలోని తేలికపాటి పరుగు వేగంతోనే మొదలుపెట్టండి.