రొయ్యల ప్లాంటులో సూపర్‌వైజరు ఎంపికను పక్షపాతం లేకుండా జరపడం ఎలా?

భీమవరం పరిసరాల్లోని రొయ్యల ప్లాంట్లలో తల తీయడం, పొట్టు ఒలవడం వంటి పనుల్లో ఎక్కువగా ఆడవారే కనిపిస్తారు. సూపర్‌వైజరు కుర్చీ ఖాళీ అయినప్పుడు మాత్రం యాజమాన్యానికి ముందుగా మగవారి పేర్లే తోస్తాయి. "ఆడవాళ్ళకు చేతి నేర్పు ఎక్కువ, అజమాయిషీ వాళ్ళ వల్ల కాదు" అన్న మాట పొగడ్తలా వినిపించినా, అది పదోన్నతికి వేసిన గొళ్ళెమే.

కాబట్టి ఎంపికకు ముందే ఆ పదవికి ఏమేం తెలిసి ఉండాలో కాగితం మీద రాసుకోవాలి: కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది) లెక్క, ఐసు వాడకం, పరిశుభ్రత నియమాలు, రిజిస్టరు నిర్వహణ. 30 కౌంటు రొయ్యకూ 40 కౌంటు రొయ్యకూ తేడాను చేతిలోకి తీసుకోగానే చెప్పగల కార్మికురాలికి రిజిస్టరు రాయడం ఎన్నడూ నేర్పకుండా, ఆమెకు లెక్కలు రావని తేల్చడం అన్యాయం. శిక్షణ ముందు, పరీక్ష తరువాత.

పెళ్ళి, పిల్లలు, ఇంట్లోవారి అనుమతి గురించి మగ అభ్యర్థిని అడగరు కదా, ఆడ అభ్యర్థినీ అడగకూడదు. షిఫ్టు వేళలు, రవాణా ఏర్పాటు అందరికీ ఒకే తీరుగా వివరించి, నిర్ణయాన్ని ఆమెకే వదలాలి. (రాత్రి వేళ ఇంటికి చేర్చే వాహనం లేకపోతే ఆ లోపం యాజమాన్యానిదే.)

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల వేతన ప్రసూతి సెలవు వచ్చింది. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం తప్పనిసరి. సెలవు కాలాన్ని అనుభవంలోంచి తీసివేయకూడదు.

చివరగా మస్టరు రోలు (హాజరు, కూలి రాసే పట్టీ) తెరిచి, ఒకే తరహా పనికి పేరు మార్చి మగవారికి ఎక్కువ కూలి రాస్తున్నారేమో చూడాలి. 1976 నాటి సమాన వేతన చట్టమే దానిని నిషేధించింది.