కార్డు వెనుక మూడు ముక్కలు

నవంబరులో గోవాలో జరిగే ఫిల్మ్ బజార్ (సినిమా రచయితలు, దర్శకులు నిర్మాతలను కలిసే సంత) వంటి చోట్లకు వెళ్లివచ్చిన స్క్రీన్‌ప్లే రచయిత రాత్రి బసలో సంచి బోర్లిస్తే ముప్పై విజిటింగ్ కార్డులు రాలుతాయి గానీ, ఎవరు ఏ కథ అడిగారో గుర్తుకు రాదు. అందువల్ల మాట ముగించి పక్కకు రాగానే, ఆ కార్డు వెనుక పెన్సిలుతో మూడే ముక్కలు రాసుకోవాలి: కలిసిన చోటు, అడిగిన కథ, పంపుతానన్నది. ‘టీ బల్ల, రేవు కథ, 2 పేజీల సారాంశం’ అన్నంత చాలు. (నున్నటి పూత ఉన్న కార్డులపై పెన్సిలు నిలవదు కనుక జేబులో నాలుగు చీటీలు ఉంచుకోవడం మంచిది.) మర్నాడు ఉదయమే ఆ మూడింటినీ గుర్తుచేస్తూ నాలుగు వాక్యాల మెయిల్ పంపితే, అవతలివారికి మన ముఖం జ్ఞాపకం వస్తుంది. అయితే అడగనివారికి పూర్తి స్క్రిప్టు జతచేస్తే ఈ శ్రమంతా వృథా. అలా వచ్చినవాటిని చాలా నిర్మాణ సంస్థలు తెరవనైనా తెరవవు.