కారు బేరానికి ముందు కరెంటు బిల్లు: నల్లగొండ, పాలమూరు ఇళ్లకు ఎలక్ట్రిక్ కారు లెక్క

షోరూమ్‌కు పోకముందు గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు తీసి ముందర పెట్టుకోండి. కారు మీద లక్ష తగ్గించారా, లక్షన్నర తగ్గించారా అన్నది తర్వాతి ముచ్చట. కొన్నాక ఆ కారు నెలనెలా ఎంత తింటుందో తేల్చేది మీ మీటర్ ఏ స్లాబులో తిరుగుతుందన్నదే. చాలామంది బేరం బాగా చేసి, ఈ ఒక్క లెక్క వదిలేసి, మూడో నెల బిల్లు చూసి కంగు తింటున్నారు.

టియాగో ఈవీ లాంటి 24 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉన్న చిన్న కారు తీసుకుందాం. ఛార్జింగ్‌లో పోయేది కూడా కలుపుకుంటే, మీటర్‌లో తిరిగిన యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు వస్తే మంచి లెక్క. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే 145 యూనిట్ల దాకా పడుతుంది. 150 అనుకుందాం.

తెలంగాణలో 2022-23 టారిఫ్ నుంచి నడుస్తున్న ఇంటి స్లాబులు ఇలా ఉన్నాయి. నెల వాడకం 200 లోపు ఉంటే మొదటి వంద యూనిట్లు 3.40, రెండో వంద 4.80 (మొత్తం వందలోపే ఉంటే ఇంకా తక్కువ). 200 దాటిందంటే ఆ తక్కువ రేట్లు మొత్తంగా పోతాయి. మొదటి 200 యూనిట్లకే 5.10 పడుతుంది. ఆ తర్వాత 300 దాకా 7.70, 400 దాకా 9, 800 దాకా 9.50.

ఇంట్లో 180 యూనిట్లు కాలుతున్నాయి, గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) కింద జీరో బిల్లు వస్తోంది అనుకోండి. అదే మీటర్ మీద కారు పెడితే వాడకం 330 అవుతుంది. 200 దాటిన నెల గృహజ్యోతి వర్తించదు, మొత్తం బిల్లు కట్టాల్సిందే. 1,020 ప్లస్ 770 ప్లస్ 270, అంటే 2,060 రూపాయలు. స్థిర ఛార్జీ, డ్యూటీ దీనికి అదనం. నిన్నటిదాకా సున్నా కట్టిన ఇల్లు కాబట్టి ఈ 2,060 మొత్తం కారు ఖాతాలోదే. యూనిట్‌కు 13.70 పైన పడ్డట్టు. గృహజ్యోతి లేని 180 యూనిట్ల ఇల్లయితే 724 కట్టేవాళ్లు 2,060 కడతారు, కారుకు యూనిట్ 8.90 పడుతుంది. ముందే 350 కాల్చే ఇల్లయితే 2,240 కాస్తా 3,640 అవుతుంది, యూనిట్ 9.30 దాటుతుంది.

ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జింగ్‌కు ఎల్‌టీ-9 అని వేరే కేటగిరీ ఉంది. అందులో యూనిట్ 6 రూపాయలు, స్లాబులు లేవు. 150 యూనిట్లకు 900, దానికి స్థిర ఛార్జీ కలుస్తుంది. 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ఇంట్లో కారు ఛార్జింగ్‌కు ప్రత్యేక కనెక్షన్ అడిగే హక్కు మీకుంది. దరఖాస్తు పూర్తిగా ఇచ్చాక మున్సిపాలిటీల్లో 7 రోజులు, ఊళ్లలో 15 రోజుల్లో ఇవ్వాలి. దరఖాస్తులో ‘ఈవీ ఛార్జింగ్, ఎల్‌టీ-9’ అని స్పష్టంగా రాయండి. లేకపోతే మామూలు ఇంటి కనెక్షనో, కమర్షియల్ కనెక్షనో రాసేసే అవకాశం ఉంది. మొదటి బిల్లు రాగానే కేటగిరీ చూసుకోండి. తప్పు పడితే ఆ నెలలోనే కరెంటు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఆఫీసులో కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి.

గృహజ్యోతి ఇంటికి రెండో మీటర్ తప్పనిసరి అన్నది మా గట్టి మాట. డిపాజిట్, సర్వీసు వైరు, మీటర్ బాక్సు ఖర్చు కొద్ది నెలల్లోనే తిరిగొస్తుంది.

మేడ మీద సోలార్ ఉంటే లెక్క మారుతుంది. 3 కిలోవాట్ల సోలార్‌కు పీఎం సూర్యఘర్ కింద 78,000 సబ్సిడీ ఉంది. మన ఎండకు సగటున రోజుకు 12 యూనిట్లు, నెలకు 360 దాకా వస్తాయి. నెట్ మీటరింగ్ (సోలార్ యూనిట్లను మీ వాడకంలోంచి తీసేసే లెక్క) ఇంటి మీటర్ మీదే ఉంటుంది గనుక అప్పుడు కారును కూడా ఆ మీటర్ మీదే పెట్టాలి, వేరే కనెక్షన్ అనవసరం. జీరో బిల్లు వచ్చే ఇల్లు మాత్రం కారు ఒక్కదాని కోసం సోలార్‌కు పోవద్దు, పెట్టిన పైసలు రావడానికి ఏళ్లు పడుతుంది.

ఒక హెచ్చరిక. బావి కాడ బోరు మోటారు కరెంటు ఫ్రీ కదా అని స్టార్టర్ డబ్బాలోంచి వైరు లాగి కారు పెట్టొద్దు. వ్యవసాయ కనెక్షన్‌ను వేరే పనికి వాడితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద జరిమానా పడుతుంది. పైగా ఆ డబ్బాల దగ్గర చాలాచోట్ల ఎర్తింగే ఉండదు. కారు ఛార్జర్ ఖరీదు ముందు మిగిలే కరెంటు ఎంత?

ఇక డిస్కౌంట్

‘లక్షన్నర దాకా తగ్గింపు’ అన్న బోర్డు చూసి లోపలికి పోతే, ఆ లక్షన్నరలో ఎక్స్ఛేంజ్ బోనస్, కార్పొరేట్ డిస్కౌంట్, పాత కస్టమర్ బోనస్ అన్నీ కలిసి ఉంటాయి. పాత బండి ఇవ్వని వాళ్లకు, కంపెనీ ఐడీ లేని వాళ్లకు అందులో సగం కూడా రాదు. మొదట అడగాల్సింది ఒకటే: ‘ఏ షరతూ లేని క్యాష్ డిస్కౌంట్ ఎంత?’ జవాబు కొటేషన్ మీద రాయించుకోండి. నల్లగొండలో ఒకటి, హైదరాబాద్‌లో రెండు కొటేషన్లు చేతిలో ఉంటే బేరం దానంతటదే సాగుతుంది.

ఎక్కువ తగ్గేది డిసెంబర్ చివర, మార్చి చివర, పెద్ద బ్యాటరీతో కొత్త వేరియంట్ వచ్చి పాతది యార్డులో మిగిలినప్పుడు. అలాంటి బండి తీసుకోవడంలో తప్పేం లేదు. కానీ తయారైన నెల, సంవత్సరం ఫారం 22లో (బండి రోడ్డుకు పనికొస్తుందని తయారీ కంపెనీ ఇచ్చే కాగితం) చూడండి. ఏడాది నిండిన బండికి, ఈ నెల బండికి ఒకటే డిస్కౌంట్ చెబితే ఒప్పుకోవద్దు. నిలిచిన బండిలో మొదట పాడయ్యేది పెద్ద బ్యాటరీ కాదు, ముందు భాగంలోని 12 వోల్టుల చిన్న బ్యాటరీ. అది కొత్తది వేసి ఇమ్మనండి. వారంటీ తయారీ తేదీ నుంచి కాకుండా అమ్మిన తేదీ నుంచి మొదలవుతుందని రాతలో తీసుకోండి.

ఆన్-రోడ్ కాగితంలో మూడు గీతలు జాగ్రత్తగా చదవాలి. లైఫ్ ట్యాక్స్: 2024 నవంబర్‌లో వచ్చిన తెలంగాణ ఈవీ పాలసీ ప్రకారం 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తి మినహాయింపు. కార్డు, నంబర్ ప్లేటు లాంటి చిన్న ఖర్చులు తప్ప ఆ గీతలో వేలకు వేలు కనిపిస్తే ఏమిటని అడగండి. గడువు దగ్గర పడ్డాక కొంటే లెక్కకొచ్చేది బుకింగ్ తేదీ కాదు, రిజిస్ట్రేషన్ తేదీ. ఇన్సూరెన్స్: కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించినదే. 2022 నోటిఫికేషన్‌లో మోటారు 30 కిలోవాట్ల లోపయితే 5,543, 65 లోపయితే 9,044, ఆ పైన 20,907, జీఎస్టీ అదనం. తేడా వచ్చేది ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) భాగంలో, అది బయట కంపెనీ దగ్గర కనుక్కోండి. షోరూమ్ వాళ్ల పాలసీయే తీసుకోవాలన్న రూలు లేదు. మూడోది టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను: బిల్లు పది లక్షలు దాటితే ఒక శాతం పడుతుంది. రిటర్న్ వేసినప్పుడు తిరిగొచ్చేదే గానీ, తొమ్మిదిన్నర లక్షలకు బేరం తెగితే ఆ ప్రస్తావనే ఉండదు.

బ్యాటరీ కిరాయికిచ్చే స్కీములో కారు ధర లక్షల్లో తగ్గినట్టు కనిపిస్తుంది. కిలోమీటరుకు ఇంత అని, నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లని ఉంటుంది. మీ వాడకంతో ఐదేళ్లకు గుణించి చూడండి. ఎక్కువ తిరిగేవాళ్లకు అది డిస్కౌంట్ కాదు, అప్పు.

సెకండ్ హ్యాండ్ అయితే

ఇక్కడే నిజంగా పెద్ద తగ్గింపు దొరుకుతుంది, నిజంగా పెద్ద దెబ్బ కూడా ఇక్కడే. సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ హెల్త్ రిపోర్టు తీయించండి. దానితో ఆగకుండా ఒక రాత్రి పరీక్ష చేయించండి. ముందు ఒకసారి నూరు శాతం నింపి, 20 శాతం దాకా నడిపించి, మళ్లీ 80 శాతం దాకా ఇంటి సాకెట్ మీద ఛార్జ్ చేయాలి. మొదలుపెట్టినప్పుడు, ఆపినప్పుడు మీటర్ రీడింగ్ రాసుకోవాలి, ఆ సమయంలో ఇంట్లో ఏసీ, గీజర్ ఆపేయాలి. 24 కిలోవాట్ అవర్ల బ్యాటరీలో 60 శాతం అంటే 14.4. ఛార్జింగ్‌లో పోయేది కలిపి మీటర్ 16, 16.5 యూనిట్లు తిరగాలి. 13 దగ్గరే ఆగిపోయిందంటే బ్యాటరీ అంత పట్టుకోవడం లేదన్నట్టు. దాన్ని బట్టి ధర తగ్గించండి, లేదా వదిలేయండి.

బ్యాటరీ వారంటీ రెండో యజమానికి ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు వర్తిస్తుందో కంపెనీ నుంచి ఈమెయిల్‌లో తీసుకోండి. ‘లైఫ్ టైమ్’ అన్నవి కొన్ని మొదటి యజమానితోనే అయిపోతాయి. వేరే రాష్ట్రం బండి చవక అని తెచ్చే ముందు మన ఆర్టీఓ ఆఫీసులో లైఫ్ ట్యాక్స్ పడుతుందా లేదా అడగకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ఇంట్లో వైరింగ్

గోడకు బిగించే పెద్ద ఛార్జర్ (వాల్‌బాక్స్) అక్కర్లేదు. రోజుకు 33 కిలోమీటర్లు తిరిగే కారుకు ఐదు యూనిట్లు చాలు. కారుతో వచ్చే 3.3 కిలోవాట్ల పోర్టబుల్ ఛార్జర్‌కు అది గంటన్నర పని. 20 నుంచి 80 శాతానికి కూడా ఐదు గంటలు. 7.2 కిలోవాట్ల ఛార్జర్ కోసం అదనంగా కట్టే పైసలు, త్రీఫేజ్ ఖర్చు రోజూ నూటయాభై కిలోమీటర్లు తిరిగేవాళ్లకే కలిసొస్తాయి.

కానీ ఆ 3.3 కిలోవాట్లను చిన్నచూపు చూడొద్దు. మిక్సీ ఐదు నిమిషాలు తిరుగుతుంది, గీజర్ పావుగంట. ఇది 14, 15 ఆంపియర్లు ఐదారు గంటలు ఆగకుండా లాగుతుంది. ఇంట్లో ఉన్న ఏసీ సాకెట్‌కే తగిలిస్తే జరిగేది ఇది: సాకెట్ వెనక స్క్రూ కొద్దిగా వదులుగా ఉంటుంది, అక్కడ వేడి పుడుతుంది, వేడికి ఇత్తడి వ్యాకోచించి చల్లారినప్పుడు ఇంకాస్త వదులవుతుంది. రెండు నెలలకు ప్లగ్ పిన్ను మొదట్లో తేనె రంగు మచ్చ కనిపిస్తుంది. తర్వాత అది గోధుమ రంగు, ఆ తర్వాత కాలిన ప్లాస్టిక్ వాసన. తేనె రంగు దగ్గరే సాకెట్ మార్చేయాలి.

కాబట్టి మీటర్ బోర్డు నుంచి కారు నిలిపే చోటికి ఈ ఒక్క పనికే వేరే లైన్ లాగించండి. ఫేజ్, న్యూట్రల్ 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, ఎర్త్‌కు కూడా అదే సైజు. దూరం 30 మీటర్లు దాటితే 6. అదే 30 మీటర్లకు లైట్ల కోసం వేసే 1.5 వైరు వాడితే గోడలోని పైపులో 160 వాట్ల దాకా వేడిగా పోతుంది, ప్రమాదం అక్కడే. బోర్డులో 20 ఆంపియర్ల సీ-కర్వ్ ఎంసీబీ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, టైప్-ఏ అని చెప్పి తీసుకోండి. చివర మెటల్ బాక్సులో మంచి కంపెనీ 16 ఆంపియర్ల సాకెట్. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఏ పరిస్థితిలోనూ వద్దు. ఛార్జర్ డబ్బా బరువు ప్లగ్ మీద వేలాడకుండా గోడకు కొక్కెం కొట్టించండి.

పాత మీటర్ మీదే పెట్టేవాళ్లు మంజూరైన లోడ్ ఎంతో బిల్లు మీద చూడండి. ఒకటో రెండో కిలోవాట్లు ఉంటే, నోటీసు రాకముందే ఐదుకు పెంచుకోండి.

మన దగ్గర ఛార్జింగ్ ఆగిపోవడానికి పెద్ద కారణం ఎర్తింగ్. కింద బండరాయి, పైన చల్క నేల, ఏప్రిల్ వచ్చేసరికి ఎర్త్ గుంత ఎండిపోతుంది. చలికాలమంతా బాగా పనిచేసిన ఛార్జర్ ఎండాకాలంలో ఎర్రలైటు వేసి ‘ఎర్త్ ఫాల్ట్’ అంటుంది. బండి పాడైందని సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసేముందు మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజ్ చూడండి. రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. పదికి పోయిందంటే లోపం గుంతలోనో, న్యూట్రల్ జాయింట్‌లోనో ఉంది. కారుకు వేరే గుంత తీయించి, ఉప్పు-బొగ్గుకు బదులు బెంటొనైట్ పౌడర్ నింపండి. ఉప్పు గుంతలోని జీఐ (జింకు పూత ఇనుప) పైపును తినేస్తుంది, బెంటొనైట్ తేమ పట్టి ఉంచుతుంది. బట్టలు ఉతికిన నీళ్లు ఆ గుంతలోకి పోయేలా చూస్తే ఎండాకాలం గడిచిపోతుంది. కొందరు ఎర్రలైటు పోవడానికి న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపేస్తారు. లైట్ పోతుంది, న్యూట్రల్ తెగిన రోజు కారు బాడీకే కరెంటు వస్తుంది. ఆ పని ఏ ఎలక్ట్రీషియన్ చేస్తానన్నా ఒప్పుకోవద్దు.

ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా లైన్ చివర ఉన్న ఇళ్లలో, బోర్లు నడిచే వేళ వోల్టేజ్ 190కి పడిపోతుంది. ఛార్జర్ అదే ఆంపియర్లు లాగుతుంది గనుక 2.7 కిలోవాట్లే వస్తుంది, అంటే ఐదు గంటల పని ఆరు గంటలు. ఇంకా పడితే ఆగిపోతుంది. దానికి స్టెబిలైజర్ కొనొద్దు. లైన్‌మన్‌ను అడిగి తక్కువ లోడ్ ఉన్న ఫేజ్ మీదికి మార్పించుకోండి.

ఇంటి స్లాబుల్లో పగలు, రాత్రి రేటు ఒకటే. అయినా రాత్రి పదకొండు తర్వాత పెట్టడమే మంచిది. వోల్టేజ్ నిలకడగా ఉంటుంది, మే నెలలో 44 డిగ్రీల ఎండలో హైదరాబాద్ నుంచి వచ్చిన బండికి చల్లారే టైమ్ దొరుకుతుంది. బ్యాటరీ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమైతే వారానికోసారి నూరు శాతం నింపితే శాతాల లెక్క సరిగ్గా ఉంటుంది. ఏ రకమో కారు మాన్యువల్లో ఉంటుంది.

మొదటి రాత్రి ఛార్జింగ్ పెట్టిన గంటకు లేచి వెళ్లి, ప్లగ్‌ను, ఎంసీబీని అరచేతి వెనక భాగంతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి ఆనించలేనంత వేడి ఉంటే ఆపేసి స్క్రూలు బిగించుకోండి. మీటర్ రీడింగ్, కారు చూపే శాతం, తేదీ ఫొటో తీసి పెట్టుకోండి, పొద్దున మళ్లీ తీయండి. ఆరు నెలలకోసారి ఇదే పరీక్ష చేసి ఆ ఫొటోలు దాచుకుంటే, ఏడో ఏట బ్యాటరీ వారంటీ అడగాల్సి వచ్చినప్పుడు చూపించడానికి మీ చేతిలో లెక్క ఉంటుంది.