పిల్లల గొంతుకు ఏదైనా అడ్డం పడితే ఏం చేయాలి?

పల్లీ, శనగ, సీతాఫలం గింజ, ద్రాక్షపండు, రూపాయి నాణెం, బొమ్మలో ఉండే బటన్ బ్యాటరీ. ఐదేళ్ల లోపు పిల్లల గొంతుకు అడ్డం పడేవి ఇవే. భోగి నాడు పిల్లల తల మీద పోసే రేగిపళ్లు, శనగలు, చిల్లర డబ్బులు కూడా ఈ కోవలోకే వస్తాయి. భోగిపళ్లు పోయడం అయిన వెంటనే చాప మీద, ఒడిలో, గౌను మడతల్లో పడ్డవన్నీ ఏరేయాలి. ఈ వయసులో బాగా నమలడం ఇంకా రాదు, శ్వాసనాళం సన్నం. గట్టిగా, గుండ్రంగా ఉన్నది ఒక్కసారి నవ్వితే చాలు, జారి లోపలికి పోతుంది.

దగ్గు వినిపిస్తోందా?

ముందు తేల్చుకోవాల్సింది ఇదొక్కటే. బిడ్డ గట్టిగా దగ్గుతున్నా, ఏడుస్తున్నా, మాట్లాడుతున్నా గాలి ఆడుతోందన్నమాట. అప్పుడు చేతులు పెట్టకండి. దగ్గుకు ఉన్న బలం మన దెబ్బకు ఉండదు. ముందుకు వంగి దగ్గమని చెబుతూ, కళ్లు తిప్పకుండా పక్కనే ఉండండి.

నోరు తెరిచినా శబ్దం రావడం లేదు, ఏడుపు ఉన్నట్టుండి ఆగిపోయింది, పెదవులు నీలంగా మారుతున్నాయి అంటే దారి పూర్తిగా మూసుకుపోయినట్టే. ఉన్నచోటే, ఆ క్షణమే మొదలుపెట్టాలి. పక్కనున్న వాళ్లతో 108కి ఫోన్ చేయించండి. ఒక్కరే ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన పడేయండి. బిడ్డను బండి మీద వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తడమే చాలామంది చేసే పని, ప్రాణం మీదికి తెచ్చేదీ అదే. ఊపిరాడకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఆ నిమిషాలు కాస్తా దారిలోనే పోతాయి.

ఏడాది లోపు బిడ్డకు

1. కుర్చీలోనో నేల మీదో కూర్చోండి. బిడ్డను మీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, ఆ చేతిని తొడకు ఆనించండి. తల నడుము కంటే కిందికి ఉండాలి. బొటనవేలు ఒక దవడకు, మిగతా వేళ్లు రెండో దవడకు వచ్చేలా పట్టుకోండి. గొంతు మీద వేళ్లు నొక్కుకోకూడదు.

2. రెండు భుజాల రెక్కల మధ్య, మణికట్టుకు ఆనుకుని ఉండే అరచేతి గట్టి భాగంతో 5 సార్లు గట్టిగా చరచండి. జోకొట్టినట్టు తడితే ఏమీ కాదు. ప్రతి దెబ్బకూ బయటపడిందేమో చూసుకోండి.

3. రాకపోతే, తల కిందికే ఉంచి వెల్లకిలా తిప్పండి. రెండు చనుమొనల మధ్య గీతకు కొంచెం కింద, ఛాతీ ఎముక మీద అదే అరచేతి భాగంతో 5 సార్లు నొక్కండి. ఒక్కో నొక్కు విడిగా, బలంగా పడాలి.

4. వస్తువు బయటపడేదాకా, లేదా బిడ్డ స్పృహ తప్పేదాకా ఈ ఐదూ ఐదూ మార్చిమార్చి చేయండి.

ఈ వయసులో పొట్ట మీద మాత్రం నొక్కకూడదు. కాలేయం పెద్దగా, పక్కటెముకల కిందికి వచ్చి ఉంటుంది. అది చిట్లే ప్రమాదం ఉంది.

ఏడాది దాటిన వాళ్లకు

ముందుకు వంచి వీపు మీద 5 దెబ్బలు. తగ్గకపోతే వెనక మోకాళ్ల మీద కూర్చోండి, మీ ఎత్తు బిడ్డ ఎత్తుకు సరిపోతుంది. పిడికిలిని బొడ్డుకు పైన, ఛాతీ ఎముక చివరకు కింద పెట్టి, రెండో చేత్తో పట్టుకుని లోపలికీ పైకీ ఒక్క ఊపున లాగండి, 5 సార్లు. పక్కటెముకల మీద బలం పడకూడదు. మళ్లీ వీపు దెబ్బలు, మళ్లీ పొట్ట.

మాడు మీద తట్టడం, నీళ్లు తాగించడం, అన్నం ముద్ద మింగించడం, కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం, ఇవేవీ వద్దు. నీళ్లూ అన్నమూ ఉన్న కాస్త దారినీ మూసేస్తాయి. కనపడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోతుకు దిగుతుంది. పైకి కనిపిస్తూ, తేలిగ్గా చిక్కేలా ఉంటేనే తీయండి.

స్పృహ తప్పితే

గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడిమధ్యన 30 సార్లు నొక్కండి. ఏడాది లోపు బిడ్డకు సుమారు 4 సెంటీమీటర్ల లోతు, పెద్ద పిల్లలకు 5. వేగం నిమిషానికి 100 నుంచి 120. తర్వాత నోరు తెరిచి చూసి, వస్తువు కనిపిస్తే తీసేయండి. 2 సార్లు ఊపిరి ఊదండి. పసిబిడ్డకు నోరూ ముక్కూ కలిపి మీ నోటితో మూసి, పెద్ద పిల్లలకు ముక్కు పట్టుకుని. ఛాతీ పైకి లేవకపోతే తల సరిచేసి రెండోసారి ఊదండి. అయినా లేవకపోతే ఆగిపోకుండా మళ్లీ 30 నొక్కులకు వెళ్లండి. అంబులెన్స్ వచ్చేదాకా ఇదే క్రమం.

బయటపడ్డాక

బిడ్డ కుదుటపడినా ఆ రోజే డాక్టరుకు చూపించండి. పొట్ట నొక్కిన పిల్లలకైతే ఇది తప్పనిసరి, లోపల దెబ్బ తగిలిందేమో చూడాలి. బటన్ బ్యాటరీ అని అనుమానం ఉంటే ఊపిరి మామూలుగా ఉన్నా నేరుగా ఆస్పత్రికే. ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోతుంది.

కొన్నిసార్లు గింజ బయటికి రాదు, ఊపిరితిత్తుల గొట్టంలోకి దిగిపోతుంది. బిడ్డ ఆడుకుంటూనే ఉంటుంది. కొన్ని రోజులకు దగ్గు, పిల్లికూతలు, జ్వరం మొదలై మందులకు తగ్గవు. పల్లీ ఎక్స్‌రేలో కనపడదు, అందుకే న్యుమోనియా అనుకునే వీలుంది. కాబట్టి డాక్టరు దగ్గర మొదటి మాటగా “ఫలానా రోజు పల్లీలు తింటుంటే పొలమారింది” అని చెప్పండి. ఆ ఒక్క మాట వింటేనే బ్రాంకోస్కోపీ (కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని శ్వాసనాళంలోకి పంపి చూడడం) చేసి గింజ తీసే ఆలోచన తొందరగా వస్తుంది.