ఇన్సర్ట్ అద్దం నల్లబడుతోందా? ముందు కట్టెలు చూడండి

కట్టెలతో మండే ఫైర్‌ప్లేస్ ఇన్సర్ట్, అంటే గోడలోని పొయ్యిగూట్లో అమర్చే అద్దం తలుపు ఇనుప పొయ్యి, దాని అద్దానికి మసి పడితే అందరూ నన్ను అడిగేది ఏ క్లీనర్ మంచిదని. నేను తిరిగి అడిగేది మీ కట్టెలు ఎలా ఉన్నాయని. అద్దానికి పట్టేది సగం కాలిన పొగ. మంట వేడిగా ఉంటే ఆ పొగ కూడా కాలిపోతుంది, మందంగా మండితే అద్దానికి అంటుకుంటుంది.

కట్టెలో తేమ 20 శాతం లోపే ఉండాలి. తేమ కొలిచే మాయిశ్చర్ మీటర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. కట్టె పైన గుచ్చి చూస్తే లాభం లేదు, పైభాగం ఎప్పుడూ ముందే ఆరిపోతుంది. నిలువునా చీల్చి, అప్పుడే బయటపడ్డ లోపలి వైపు గుచ్చాలి. ఓక్ లాంటి గట్టి కట్టె చీల్చిపెట్టాక కూడా ఆరడానికి రెండేళ్లు పట్టొచ్చు. అమ్మేవాళ్లు ‘ఎండుకట్టెలే’ అంటారు, అనక ఏం చేస్తారు! పొయ్యిలో వేశాక చివర్ల నుంచి నురగ కక్కుతూ చుయ్‌మంటే అది పచ్చిదే.

ఇక గాలి. చాలా ఇన్సర్టుల్లో తలుపు పైనుంచి వచ్చే గాలి అద్దం లోపలి వైపుగా కిందికి జారుతూ పొగను దూరంగా నెడుతుంది. రాత్రంతా నిప్పు ఉండాలని గాలి వచ్చే దారి మొత్తం బిగించేస్తే ఆ గాలి తెర పోతుంది, తెల్లారేసరికి అద్దం తారు పూసినట్టు ఉంటుంది. నేనైతే రాత్రి బిగించి పడుకోను, చలేస్తే ఇంకో దుప్పటి కప్పుకుంటాను.

వెలిగించేటప్పుడు పెద్ద కట్టెలు కింద, సన్న పుల్లలు పైన పేర్చి పైనుంచే అంటించండి. పెద్దవి బాగా అందుకునేదాకా గాలి పూర్తిగా తెరిచి ఉంచి, తర్వాత కొద్దికొద్దిగా తగ్గించండి. మంట నీరసంగా, ఎర్రగా మారి పొగ తిరుగుతుంటే ఎక్కువ తగ్గించారన్నమాట. కట్టె అద్దానికి ఆనకూడదు.

ఒక్క మూలే పదేపదే నల్లబడుతోందంటే తలుపు చుట్టూ సందు మూసి ఉంచే గాస్కెట్ తాడును అనుమానించండి. పొయ్యి చల్లగా ఉన్నప్పుడు తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ తాడు పట్టు పోయినట్టే. మాన్యువల్‌లో చెప్పిన మందం తాడే వేయండి.

తుడవడం గురించి చెప్పాల్సింది కొంచెమే. అద్దం పూర్తిగా చల్లారాలి. చేతికి గ్లవ్స్ వేసుకుని, తడిపిన న్యూస్‌పేపర్ ఉండను చల్లారిన మెత్తటి బూడిదలో అద్ది గుండ్రంగా రుద్దండి. బూడిదలోని క్షారం జిగటను వదిలిస్తుంది. గరుకు బొగ్గుపలుకులు ఉంటే గీతలు పడతాయి, ముందే ఏరేయండి. తర్వాత తడిగుడ్డతో బూడిద ఆనవాలు లేకుండా తుడిచి ఆరబెట్టండి. మిగిలిపోతే తర్వాతి మంటకు కాలి తెల్లటి మబ్బులా అతుక్కుంటుంది. స్ప్రే వాడితే గుడ్డ మీద కొట్టుకోండి, అద్దం మీద కొడితే కారి గాస్కెట్‌లోకి ఇంకుతుంది. గోధుమరంగు పొర మాత్రమే ఉంటే ఇదంతా అక్కర్లేదు, ఎండుకట్టెలతో ఒక గట్టి మంట వేస్తే అదే పోతుంది.

ఎంత రుద్దినా వదలని తెల్లటి మరక అద్దాన్ని తినేసినట్టే, మార్చడమే దారి. కొత్తది వేడికి తట్టుకునే సిరామిక్ గాజే అయ్యుండాలి, స్క్రూలు అతిగా బిగిస్తే పగులుతుంది.

కట్టెలు, గాలి, గాస్కెట్ అన్నీ బాగున్నా నలుపు ఆగకపోతే పొగగొట్టం చూపించండి. అద్దం మీది తారే లోపలా పేరుకుంటుంది, అది అంటుకుంటే గొట్టమే మండుతుంది.