సూపర్‌చార్జర్ బోట్ ఇంజన్‌లో హెడ్ గ్యాస్కెట్ పోయిందా? హెడ్ విప్పేముందు ఇవి చూడండి

ఆయిల్ స్టిక్ లాగి చూస్తే ఆయిల్ పాలు బాగా పోసిన టీ రంగులో ఉందనుకోండి, అంటే అందులో నీళ్ళు కలిశాయి, చాలామంది అక్కడికక్కడే హెడ్ ప్యాకింగ్ (అదే హెడ్ గ్యాస్కెట్, సిలిండర్ల బ్లాకుకీ దాని మీది హెడ్‌కీ మధ్య ఉండే పలచని సీలు) పోయిందని తేల్చేసి ఆటోనగర్‌కి ఫోన్ కొట్టేస్తారు. కొంచెం ఆగండి. నేను కూడా ఒకసారి అలాగే తొందరపడి విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర ఒక స్పీడ్ బోట్ హెడ్ విప్పేశా, రెండ్రోజులు పని, తీరా చూస్తే గ్యాస్కెట్ శుభ్రంగా ఉంది, నీళ్ళు వచ్చింది ఆయిల్ కూలర్ లోంచి. ఆ బోటు ఆయనకి అనవసరంగా అంత ఖర్చు పెట్టించానని ఇప్పటికీ బాధగానే ఉంటుంది, అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నా.

ముందు ఈ ఇంజన్లలో గ్యాస్కెట్ మీద పడే బరువేంటో తెలుసుకోవాలి. మామూలుగా గాలి ఒత్తిడి 14.7 పీఎస్ఐ ఉంటుంది, సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే పంపు) దాని మీద ఇంకో 10 పీఎస్ఐ తోసిందనుకోండి, సిలిండర్ లోకి దాదాపు మూడింట రెండొంతులు అదనపు గాలి వెళ్తుంది, దానికి తగ్గ పెట్రోల్ కూడా వెళ్తుంది, ఆ మంట ఒత్తిడంతా హెడ్‌ని పైకి లేపాలని చూస్తుంది. కారైతే ఫుల్ యాక్సిలరేటర్ నాలుగు సెకన్లు తొక్కి వదిలేస్తాం. బోట్‌లో అలా కాదు, నీళ్ళు ఎప్పుడూ బ్రేకు పట్టినట్టే ఉంటాయి, భవానీ ద్వీపం చుట్టూ ఒక రౌండ్ కొట్టి వచ్చేదాకా ఇంజన్ లోడ్ మీదే ఉంటుంది. రెండు సిలిండర్ల మధ్య గ్యాస్కెట్ సన్నగా ఉండే చోటుంది చూశారా, ముందు కాలేది అక్కడే.

ఇంకోటి, మీ ఇంజన్ కూలింగ్ ఏ రకమో తెలియకుండా టెస్టులు మొదలుపెట్టకండి. కొన్నిట్లో నది నీళ్ళే నేరుగా ఇంజన్ లోపల తిరిగి బయటికి పోతాయి. కొన్నిట్లో కారులో లాగా కూలెంట్ ఉంటుంది, నది నీళ్ళు ఆ కూలెంట్‌ని చల్లబరుస్తాయంతే. కూలెంట్ రకంలో ట్యాంకులో లెవెల్ తగ్గడం, బుడగలు రావడం చూసి గ్యాస్కెట్ సంగతి పట్టుకోవచ్చు. నది నీళ్ళ రకంలో ఆ ట్యాంకే ఉండదు కాబట్టి వేరే దారి చూడాలి.

ఆయిల్ తెల్లబడటానికి గ్యాస్కెట్ కాక వేరే కారణాలు చాలా ఉన్నాయి. బోటు తిరగబడి గాలి పైపు లోంచి నీళ్ళు తాగి ఉండొచ్చు, ఆయిల్ కూలర్ లీకవ్వొచ్చు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగ బయటికి తీసుకెళ్ళే గొట్టం) లోపల చీలిక ఉండొచ్చు. నేను ఎక్కువగా చూసేది మాత్రం గట్టు మీద పైపు పెట్టి కడిగేటప్పుడు చేసే పొరపాటు. నది నీళ్ళు నేరుగా తిరిగే జెట్ బోట్ ఇంజన్‌కి ముందు ఇంజన్ స్టార్ట్ చేసి తర్వాత పైపు తిప్పాలి, ఆపేటప్పుడు ముందు పైపు కట్టేసి తర్వాత ఇంజన్ ఆపాలి. ఉల్టా చేస్తే నీళ్ళు ఎగ్జాస్ట్ లో నిండి వెనక్కి సిలిండర్ లోకి దిగిపోతాయి. ఆయిల్ పోసే మూత కింద మాత్రమే కొంచెం తెల్లగా ఉండి స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే అది ఆవిరి తేమ, బోటుని కొద్దికొద్దిసేపు తిప్పి ఆపేసేవాళ్ళకి వస్తుంది, కంగారు పడక్కర్లేదు.

సరే, అనుమానం ఉంది, ఇప్పుడేం చేయాలి. ముందు సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లో నీళ్ళుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. సీటు లేదా హాచ్ (ఇంజన్ మీది మూత) తీసి పావుగంట గాలి ఆడనివ్వండి, లోపల పెట్రోల్ వాసన వస్తుంటే ఏ వైరూ ముట్టుకోకండి. వాసన లేకపోతే ఇగ్నిషన్, ఇంజెక్టర్ కనెక్షన్లు పీకేసి ప్లగ్గులన్నీ తీయండి. ప్లగ్గుల్ని వరసగా ఒక గుడ్డ మీద పెట్టుకోండి, ఏది ఏ సిలిండర్‌దో కలిసిపోకూడదు. మిగతావన్నీ గోధుమ రంగులో ఉండి ఒక్కటి మాత్రం కడిగి తుడిచినట్టు మెరుస్తుంటే ఆ సిలిండర్‌లోకి నీళ్ళొస్తున్నాయి. పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలుంటే నాకింగ్ (పెట్రోల్ సమయం తప్పి పేలినట్టు మండడం) జరిగిందని, ఇది తర్వాత మళ్ళీ పనికొస్తుంది, ఫోటో తీసి పెట్టుకోండి. ఇప్పుడు ప్లగ్గు రంధ్రాల మీద గుడ్డ కప్పి, మొహం దూరంగా పెట్టుకుని సెల్ఫ్ కొడితే నీళ్ళు బయటికి చిమ్మేస్తాయి. వెంటనే ప్రతి సిలిండర్ లోకి డబ్ల్యూడీ-40 (తుప్పు పట్టనివ్వని స్ప్రే) కొట్టేయండి. రేపు చూద్దాంలే అని వదిలేస్తే తెల్లారేసరికి బోరు తుప్పు పడుతుంది, సూర్యలంక వైపు ఉప్పునీళ్ళలో తిరిగిన బోటైతే ఇంకా తొందరగా.

తర్వాత కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో, ప్లగ్గు రంధ్రంలో గేజీ పెట్టి చూడండి. బ్యాటరీ ఫుల్ ఛార్జ్ ఉండాలి, థ్రాటిల్ మొత్తం తెరిచి పట్టుకోవాలి, ఒక్కో సిలిండర్‌కి గేజీ ముల్లు ఆగేదాకా, అయిదారు కంప్రెషన్ స్ట్రోకులు వచ్చేలా సెల్ఫ్ కొట్టాలి. సూపర్‌చార్జర్ ఇంజన్లకి కంప్రెషన్ రేషియో కావాలనే తక్కువ పెడతారు, కాబట్టి రీడింగ్ కారు కంటే తక్కువొచ్చిందని భయపడకండి, సిలిండర్‌కీ సిలిండర్‌కీ తేడా ఎంతన్నదే ముఖ్యం. 10, 15 శాతం దాటి తేడా ఉంటే అనుమానించాలి. పక్కపక్కన ఉన్న రెండూ కలిసి పడిపోయాయా, వాటి మధ్య గ్యాస్కెట్ కాలిపోయిందని దాదాపు ఖాయం. ఒక్కటే తక్కువుంటే చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి, పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వో గ్యాస్కెటో.

కానీ ఇక్కడే చాలామంది మెకానిక్‌లు మోసపోతారు. కంప్రెషన్ బాగానే వస్తుంది, గట్టు దగ్గర ఐడిల్‌లో బ్రహ్మాండంగా ఉంటుంది, మధ్యలోకి వెళ్ళి ఫుల్ రేస్ చేయగానే టెంపరేచర్ బజర్ మోగుతుంది, కూలెంట్ పక్క డబ్బాలోకి పొంగుతుంది, నెమ్మదిగా వస్తే మళ్ళీ మామూలే. ఎందుకంటే బూస్ట్ (సూపర్‌చార్జర్ తోసే అదనపు గాలి ఒత్తిడి) ఎక్కినప్పుడు మాత్రమే హెడ్ వెంట్రుకవాసి లేచి గ్యాస్ కూలెంట్ లోకి దూరుతుంది, బూస్ట్ దిగగానే మూసుకుంటుంది. సెల్ఫ్ మోటార్ తిప్పినంత మాత్రాన అంత ఒత్తిడి రాదు. దీనికి లీక్‌డౌన్ టెస్ట్ చేయాలి, అందులోనూ అంత ఒత్తిడి రాదు గానీ గాలిని ఆగకుండా పెట్టి ఉంచుతాం కాబట్టి చిన్న లీకు ఎటు పోతోందో పట్టుకునే అవకాశం ఎక్కువ. ఇంజన్ కాస్త వెచ్చగా ఉన్నప్పుడు పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్ పైకి తెచ్చి, తిరక్కుండా పట్టి, ప్లగ్గు రంధ్రం లోంచి కంప్రెసర్ గాలి 100 పీఎస్ఐ దాకా ఎక్కించి చెవి పెట్టి వినండి. గాలి పీల్చే వైపు బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్ వైపైతే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గరైతే రింగులు, కొంచెం రావడం సహజమే. పక్క ప్లగ్గు రంధ్రం లోంచి వచ్చినా, కూలెంట్ ట్యాంకులో బుడగలొచ్చినా గ్యాస్కెట్ లేదా హెడ్ చీలిక. నది నీళ్ళ రకమైతే నీటి దారి రెండు వైపులా మూసి అందులోకి 10 పీఎస్ఐ గాలి పెట్టి గేజీ నిలబడుతుందో లేదో చూడండి. ముల్లు దిగిపోతుంటే ఆయిల్ కూలర్‌ని పక్కకి తప్పించి మళ్ళీ ఒకసారి చేయండి, నేను ఆ రోజు చేయనిది సరిగ్గా ఇదే.

గ్యాస్కెట్టే అని తేలాక హెడ్ విప్పడం. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. టైమింగ్ గుర్తులు కలిపి ఫోటోలు తీసుకుని, బోల్టులు అంచుల నుంచి మధ్యకి, ఒక్కసారే కాకుండా రెండు మూడు విడతల్లో వదులు చేయండి. పాత గ్యాస్కెట్‌ని పారేయకండి, వెలుతురులో పెట్టి చూడండి. గ్యాస్ దూరిన చోట నల్లటి చార కనిపిస్తుంది, ఆ చార ఎక్కడ మొదలై ఎక్కడికి వెళ్ళిందో వేలితో వెంబడించండి. ఆ చార దగ్గరున్న పిస్టన్ అంచు ఎలక కొరికినట్టు గుంటలు పడి ఉంటే నాకింగ్, నీటి దారిలో ఇసుక గట్టిపడి ఉంటే వేడి. ఎవరు చంపారో తేలకుండా కొత్త గ్యాస్కెట్ వేస్తే అది కూడా అదే దారిన పోతుంది.

మసి గీకడానికి మోటారుకి పెట్టే ఎమెరీ డిస్కులు వద్దు, ఆ పొడి ఆయిల్ దారుల్లో పడి బేరింగులు తినేస్తుంది. ప్లాస్టిక్ గీకుడు బిళ్ళతో ఓపిగ్గా చేయండి. తర్వాత స్టీల్ స్కేలు నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకి పెట్టి 0.05 ఎంఎం ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకు) దూరుతుందేమో చూడండి, ఎంత వంపు వరకు ఒప్పుకోవచ్చో మీ ఇంజన్ మాన్యువల్‌లో ఉంటుంది, బ్లాకు మీద కూడా ఇలాగే చూడాలి. ఆటోనగర్‌లో నేను ఫేసింగ్‌కి (హెడ్ అడుగు చదును చేయడానికి) ఇచ్చే బాబాయ్ హెడ్ చేతిలో పెట్టగానే "ఎంత తీయమంటావురా" అంటాడు, "వంపు పోయేంత వరకే బాబాయ్, ఒక్క గీత కూడా ఎక్కువొద్దు" అంటా. ఎందుకంటే హెడ్ తీసేకొద్దీ లోపల జాగా తగ్గి కంప్రెషన్ పెరుగుతుంది, మామూలు ఇంజన్‌లో పర్లేదు, దీంట్లో అది మళ్ళీ నాకింగ్‌కి దారి. అలాగే ఇది స్టీల్ పొరల గ్యాస్కెట్ అని ముందే చెప్పండి, గరుకు ఫినిషింగ్ మీద అది కూర్చోదు.

బోల్టులు కొత్తవే వేయండి. చాలా ఇంజన్లలో అవి ఒకసారి సాగాక మళ్ళీ పనికిరావు. బ్లాకులో బోల్టు రంధ్రాలు గాలి కొట్టి గుడ్డతో తుడిచి పొడిగా ఉంచాలి, అడుగున ఆయిలో నీళ్ళో మిగిలితే బోల్టు బిగించేటప్పుడు అది దారిలేక బ్లాకునే పగలగొడుతుంది. స్టీల్ గ్యాస్కెట్‌కి అనబాండ్ లాంటి సీలింగ్ పేస్టులేవీ పూయకూడదు. బిగింపు మధ్య నుంచి బయటికి, టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో ఎన్ని విడతలు, చివర ఎన్ని డిగ్రీలు అని ఉందో అలాగే. చేతి అంచనా మీద పానాతో బిగించే పని కాదిది.

మూసేముందు కారణం సరిచేయాలి. మన దగ్గర మొదటి శత్రువు గుర్రపు డెక్క, ఆ వేళ్ళు నీళ్ళు లాగే జాలీకి చుట్టుకుంటే ఇంజన్‌కి నీళ్ళందవు. వానాకాలం వరద నీళ్ళతో వచ్చే ఇసుక రెండోది. జాలీ, నీళ్ళ పైపులు, పంపు ఇంపెల్లర్, థర్మోస్టాట్, ఇంటర్‌కూలర్ అన్నీ విప్పి కడగండి, ఇంటర్‌కూలర్ పూడుకుంటే వేడి గాలి లోపలికెళ్ళి నాకింగ్ వస్తుంది. నెలల తరబడి ట్యాంకులో పడున్న పెట్రోల్ తీసేయండి, ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమ లాక్కుని అడుగున నీళ్ళలా విడిపోతుంది. మాన్యువల్ ఎంత ఆక్టేన్ అడిగితే అంత పోయండి. ఎవరైనా బూస్ట్ పెంచడానికి సూపర్‌చార్జర్ పుల్లీ గానీ వీల్ గానీ మార్చి ఉంటే పాతది పెట్టేయండి. సూపర్‌చార్జర్‌కి ఇంజన్ ఆయిలే వెళ్ళే మోడల్ అయితే ఆ తెల్ల ఆయిల్ దాని బేరింగుల్లోకి కూడా వెళ్ళే ఉంటుంది, అది విప్పి చూడకుండా ఇంజన్ తిప్పకండి.

తెల్ల ఆయిల్ తీసేసి కొత్తది పోసి, ప్లగ్గులు లేకుండా సెల్ఫ్ కొట్టి ఆయిల్ ప్రెషర్ వచ్చాకే స్టార్ట్ చేయండి. గట్టు మీద ఒకట్రెండు నిమిషాలకి మించి వద్దు, షాఫ్ట్ సీల్‌కి నది నీళ్ళే చల్లదనం ఉన్న బోట్లలో అది కాలిపోతుంది. ఆపి, వెచ్చగా ఉండగానే ఆయిల్, ఫిల్టర్ మార్చండి, ఇలా రెండు మూడుసార్లు, స్టిక్ మీద తెలుపు పూర్తిగా పోయేదాకా. ఆ తర్వాత నదిలో మొదటి గంట సగం థ్రాటిల్‌లోనే తిప్పి తెచ్చి కట్టేయండి. మర్నాడు పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ పైపు వేళ్ళతో నొక్కి చూడండి, రాత్రంతా ఆగి కూడా అది గట్టిగా ఉబ్బే ఉంటే గ్యాస్ ఇంకా దూరుతోంది, మెత్తగా ఉండి లెవెల్ నిన్న పెట్టిన గీత దగ్గరే ఉంటే అప్పుడు ఫుల్ థ్రాటిల్ ఇవ్వండి.