తలకు దెబ్బ తగిలిన రోగి దగ్గర మొదటి డ్యూటీ

న్యూరో వార్డులో డ్యూటీ పడగానే నర్సింగ్ విద్యార్థుల చేయి ముందు టార్చి మీదికి పోతుంది. దాన్ని కాసేపు జేబులోనే ఉంచమంటాను. రోగి కళ్లు మూసుకుని ఉన్నా సరే, పేరు పెట్టి పిలిచి మీరెవరో, ఏం చేయబోతున్నారో చెప్పండి. స్పృహ పరీక్ష అక్కడే మొదలవుతుంది. పిలవకముందే కళ్లు తెరిచి ఉంటే 4 మార్కులు, పిలిస్తే తెరిచినవారికి 3, నొప్పి కలిగిస్తే తెరిచినవారికి 2, అసలు తెరవకపోతే 1.

ఇది 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు రూపొందించిన, స్పృహను కొలిచే ‘గ్లాస్గో కోమా స్కేల్’. కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. ఎంత లోతైన కోమాలో ఉన్నా 3 కన్నా తగ్గదు.

మాట దగ్గర తొందరపడకండి. పేరు, ఉన్న చోటు, నెల అడగాలి. ‘ఇది ఏ నెలండీ?’ అంటే ‘మాఘం’ అన్న ఒక పెద్దాయనకు మా విద్యార్థిని ‘తికమక’ అని రాసి 4 వేసింది. గోడమీది పంచాంగం క్యాలెండర్ చూపించాను. మాఘమాసమే! ఆయనకు 5 రావాలి. ఉర్దూయో లంబాడీయో మాట్లాడేవారిని తెలుగులో అడిగి మార్కులు కోయడమూ ఇలాంటి అన్యాయమే.

కదలిక చూసేటప్పుడు, చేయి పట్టుకున్నారు కదా అని 6 వేయకండి. అరచేతిలో వేలు పెడితే తెలియకుండానే బిగించేవారుంటారు. ‘వదలండి’ అన్నప్పుడు వదలాలి. మాటకు స్పందించకపోతేనే నొప్పి. మెడకూ భుజానికీ మధ్య కండరాన్ని క్రమంగా బిగించి పట్టండి. రోగి చేయి కాలర్ బోన్ దాటి పైకి వస్తే 5. ఛాతీ ఎముకను పిడికిలితో రుద్దడం నాకు గిట్టదు. కమిలిపోతుంది, చూసే తల్లికి కొట్టినట్టే ఉంటుంది.

ఇప్పుడు టార్చి. వెలుగు వేయకముందే రెండు కంటిపాపల సైజు పోల్చండి. తర్వాత పక్కనుంచి వెలుగు తెండి. ఒక పాప పెద్దదై వెలుగుకు ముడుచుకోకపోతే, లోపలి వాపో రక్తపు గడ్డో కంటిపాపను ముడిచే మూడో కపాల నాడిని నొక్కుతూ ఉండవచ్చు. చార్టు తర్వాత, ముందు డాక్టరు. మత్తుగా ఉన్న ఎవరికైనా వేలి నుంచి షుగరు చూడటం మరవకండి. 70 కన్నా తక్కువుంటే అదీ వెంటనే చెప్పాల్సిందే.

మిగిలినదంతా కాపలా పని. సాధారణంగా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. వెన్నెముక దెబ్బ లేదని తేలేదాకా మాత్రం ఒంటరిగా తిప్పకండి. మడమలు, పిరుదుల పైభాగం చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లబడాలి, తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. తెర లాగాకే దుప్పటి తీయండి. బంధువులు ప్రేమకొద్దీ కొబ్బరినీళ్లు పోయబోతారు. మింగగలరో లేదో పరీక్షించకుండా చుక్క పడినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కసరకండి, కారణం చెప్పండి. తలాపున నిలబడి ‘ఇక కష్టమే’ అనుకోవద్దు, బదులివ్వలేని మనిషికి వినపడుతూ ఉండవచ్చు. ఫోటోలు తీయడం సరేసరి, ఆ ఊసే వద్దు.

చార్టులో ‘బాగానే ఉన్నారు’ అని రాస్తే రాత్రి డ్యూటీ నర్సుకు ఏమీ తెలియదు. కళ్లు 3, మాట 4, కదలిక 6 అని విడివిడిగా, టైముతో రాయండి. ఊపిరికోసం గొంతులో గొట్టం వేసిన రోగికి మాట దగ్గర అంకె వేయకుండా ‘గొట్టం’ అని రాయాలి. ముందటి మొత్తం కంటే 2 తగ్గితే అర్ధరాత్రయినా డాక్టరుకు ఫోను చేయండి. విసుక్కుంటారా, విసుక్కోనివ్వండి.